జపాన్ పచ్చబొట్ల వెంట: నరితా నుంచి కినోసాకి దాకా

జపాన్ పచ్చబొట్టు బొమ్మల అర్థం తెలియాలంటే టాటూ షాపుల కంటే ముందు గుడికి వెళ్లాలి. టోక్యోకు వచ్చేవాళ్లు దిగే నరితా ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే ఉన్న నరితాసాన్ ఆలయం 940లో వెలసింది. అక్కడి దేవుడు ఫుదో మ్యోఓ, మన బౌద్ధంలోని అచలనాథుడే. చేతుల్లో కత్తి, పాశం, వెనక మంటలు. వీపు నిండా పొడిపించుకునే బొమ్మల్లో ఈయనకు పెద్దపీట. రోజూ 'గోమా' అనే హోమం చేస్తారు, టికెట్ లేదు. ఢంకా మోగుతుంటే భక్తులు వరుస కట్టి హ్యాండ్‌బ్యాగులు అందిస్తారు, వాటిని మంట సెగకు చూపించి తిరిగిస్తారు. అది చూశాక ఆ పచ్చబొట్టులోని మంటలు నాకు ఉత్త అలంకారంలా అనిపించలేదు.

తర్వాత టోక్యోలోని హరజుకు. అక్కడ చెక్క అచ్చు బొమ్మలుండే ఓతా మ్యూజియం చిన్నదే. కునియోషి అనే చిత్రకారుడు 1827 ప్రాంతంలో మొదలుపెట్టిన, 'సుయికోదెన్' అనే చైనా నవలలోని వీరుల బొమ్మలు చూసే ఎదో (ఇప్పటి టోక్యో) నగరంలో కూలీలకు, మంటలార్పేవాళ్లకు ఒంటినిండా పచ్చబొట్ల మోజు పట్టుకుంది. నీటికి అధిపతి కాబట్టి డ్రాగన్ తమను కాపాడుతుందని మంటలార్పేవాళ్ల నమ్మకం. ఈ మ్యూజియంలో ప్రదర్శనలు మారుతుంటాయి, ఏం పెట్టారో చూసుకుని వెళ్లండి.

ఇక బస. పచ్చబొట్ల మీద 1872లో వచ్చిన నిషేధం 1948లో పోయినా, వాటి మీద యాకుజాల (జపాన్ మాఫియా ముఠాల) ముద్ర పోలేదు. 2015లో ప్రభుత్వ టూరిజం ఏజెన్సీ సర్వేకు జవాబిచ్చిన హోటళ్లు, సత్రాల్లో దాదాపు 56 శాతం పచ్చబొట్టు ఉన్నవాళ్లను స్నానశాలల్లోకి రానివ్వమన్నాయి. మా తమ్ముడి ముంజేతి మీద చిన్న బొమ్మ ఉంది. టోక్యోలో ఒక హోటల్‌వాళ్లు డబ్బు కట్టించుకున్నాక, చెక్-ఇన్ దగ్గర చెప్పారు, పచ్చబొట్టుతో స్నానశాలలోకి కుదరదని. రూల్ వాళ్లిష్టం, కానీ బుకింగ్ అప్పుడే చెప్పాలి కదా!

అందుకే నా ఓటు వేడినీటి బుగ్గల ఊరు కినోసాకికి. క్యోటో నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో రెండున్నర గంటలు. ఊరి పబ్లిక్ స్నానశాలల్లో పచ్చబొట్టుకు అభ్యంతరం లేదు, సత్రంలో దిగినవాళ్లకు వాటి పాస్ ఉచితం. తొట్టిలో మా ఎదురుగా ఒకాయన వీపు మీద కోయి (కార్ప్) చేప పచ్చబొట్టు. పొలుసు పొలుసుకీ అంచు చిక్కటి నలుపు, లోపలికి పోయేకొద్దీ పలచన. జలపాతం ఎదురెక్కి డ్రాగన్‌గా మారుతుందనే కథ వల్ల అది పట్టుదలకు గుర్తు. చుట్టూ మేపుల్ ఆకులు, అంటే శరదృతువు. మంచి పనివాడు చేపకూ పువ్వుకూ రుతువు కలిపే వేస్తాడు. ఆయన్ని ఎవరూ వింతగా చూడలేదు, తమ్ముడి టెన్షన్ కూడా అక్కడే తీరింది.

సత్రం ఖర్చు ఎక్కువే, అయినా పెట్టొచ్చు. శాకాహారులు మాత్రం ముందే చెప్పుకోవాలి, సూపులో కూడా చేప రసం ఉంటుంది. వీలైతే శనివారం రాత్రి తప్పించండి.