చేంబర్స్ డిక్షనరీ: పాత మాటల్ని పారేయని పుస్తకం

హిందూ పేపర్లో క్రాస్‌వర్డ్ నింపందే నాకు తెల్లారదు. అందుకోసం చేంబర్స్ డిక్షనరీ వాడుతున్నాను, 2014లో వచ్చిన పదమూడో ఎడిషన్. ఫోన్‌లో ఉచితంగా బోలెడు డిక్షనరీలుండగా ఈ బరువెందుకని అడిగేవాళ్లకు ‘టాడ్’ అనే మాట తీసి చూపిస్తాను. టి, ఓ, డి. అంతే.

నా ఫోన్‌లోని యాప్ ఈ మాటకు నక్క అనే ఒక్క అర్థం చెప్పి ఆగిపోతుంది. స్కాట్లండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో నక్కను టాడ్ అంటారు. చేంబర్స్ ఎడిన్‌బరోలో పుట్టిన డిక్షనరీ కాబట్టి ఇలాంటి స్కాట్ మాటలకు ఇందులో పెద్దపీట. డాట్‌ను వెనక నుంచి చదివితే టాడ్, అంటే చుక్క తిరగబడితే నక్క! క్లూలు రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

ఐవీ తీగ గుబురుగా అల్లుకున్న పొద కూడా టాడే. ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ రాసిన ముసలి నావికుడి కవితలో మంచుతో బరువెక్కిన పొద ఇదే.

నాకు బాగా నచ్చింది ఉన్ని తూకం. ఒక టాడ్ అంటే 28 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 12.7 కిలోలు. షేక్‌స్పియర్ ‘వింటర్స్ టేల్’లో ఒక పల్లెటూరి కుర్రాడు నడుస్తూ లెక్కలేస్తుంటాడు: పదకొండు పొట్టేళ్లకు ఒక టాడ్ ఉన్ని, టాడ్ ధర ఒక పౌండు మీద ఓ షిల్లింగు (ఈ పౌండు తూకం కాదు, డబ్బు), మరి 1500 పొట్టేళ్ల ఉన్నికి ఎంతొస్తుంది? తూకమని తెలియకపోతే ఈ లెక్కలోకి నక్క ఎందుకొచ్చిందా అని జుట్టు పీక్కోవాల్సిందే.

ఇక లండన్ యాసలో ‘ఆన్ యువర్ టాడ్’ అంటే ఒంటరిగా అని. టాడ్ స్లోన్ అనే అమెరికన్ గుర్రప్పందేల జాకీ పేరు, ‘ఆన్ యువర్ ఓన్’లోని ‘ఓన్’తో ప్రాస కలవడం వల్ల పుట్టింది.

స్పెల్లింగ్ ఒకటే అయినా పుట్టుక వేరైన మాటలకు విడివిడిగా నంబర్లిచ్చి, మూలం కూడా చెప్పడం ఈ డిక్షనరీ పద్ధతి. చదువుతుంటే టైమ్ తెలియదు.

ఇంటర్ పిల్లల కోసమైతే మాత్రం కొనకండి. మాటను వాక్యంలో ఎలా వాడాలో చూపించడం తక్కువ. వాళ్లకు ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ మేలు. చేంబర్స్‌లో అచ్చు సన్నం, కాగితం పల్చన. ఒక మాట నుంచి పుట్టినవన్నీ దాని కిందే గుదిగుచ్చడంతో అలవాటయ్యేదాకా వెతుకులాట తప్పదు. క్రాస్‌వర్డో, అక్షరాలతో మాటలు పేర్చే స్క్రాబులో, పాత ఇంగ్లీషు సాహిత్యమో మీకు ఇష్టమైతే ధైర్యంగా తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బైండింగ్ ఊడిందేమో, పేజీలు పోయాయేమో ఒకసారి చూసుకోండి.