మూత్రాశయం తీయించుకోవాలా, ఉంచుకోవాలా?

ఒడిశాలోని గుణుపురంలో మా మావయ్యకు ఉచ్చలో నెత్తురు పడితే ఒంట్లో వేడి అనుకుని మూడు నెలలు సబ్జా నీళ్లు తాగాడు. నొప్పి లేదు కదా అని ధీమా. నొప్పి లేకుండా నెత్తురు పడటమే మూత్రాశయ క్యాన్సర్‌కు మొదటి గుర్తు అని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నలభై ఏళ్లుగా చుట్ట కాలుస్తున్నాడు. ఈ జబ్బుకు అన్నిటికంటే పెద్ద కారణం పొగాకే.

ముందు స్కోప్‌తో (ఉచ్చ దారిలోంచి పంపే కెమెరా గొట్టం) గడ్డ గీకి ముక్క పరీక్షకు పంపుతారు. నూటికి సుమారు 75 మందికి అది మూత్రాశయం లోపలి పొరల్లోనే ఉంటుంది. వాళ్లలో చాలామంది, తీయించాలా అని పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. గీకేశాక, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువైతే వారానికొకసారి ఆరు వారాలు మూత్రాశయంలోకి బీసీజీ ఎక్కిస్తారు. పసిపిల్లల భుజానికి వేసే టీకా మందే! ఈ వాడకం 1976లో వెలుగులోకి వచ్చింది. బీసీజీ దొరకనప్పుడు జెమ్‌సైటబిన్, డోసిటాక్సెల్ అనే కీమో మందులు వాడుతున్నారు.

మావయ్యది మూత్రాశయం గోడ కండలోకి దిగింది. అసలు టెన్షన్ అక్కడ మొదలైంది.

ఒక దారి: కిడ్నీలు తట్టుకుంటే ముందు సిస్‌ప్లాటిన్ కీమో, తర్వాత మూత్రాశయం మొత్తం తీసేయడం. పేగు ముక్కతో పొట్ట మీదకు దారి చేసి ఉచ్చ పట్టే సంచి తగిలిస్తారు. లేదా పేగుతోనే లోపల కొత్త మూత్రాశయం కుడతారు. అప్పుడు బయట సంచి ఉండదు గానీ, రాత్రి అలారం పెట్టుకుని లేవాలి.

రెండోది: గడ్డను వీలైనంత గీకేసి, కీమోతో పాటు కరెంటు (రేడియేషన్) పెట్టడం. మూత్రాశయం మిగులుతుంది. 2023లో వచ్చిన 722 మంది పరిశీలనలో, తగిన రోగులను ఎంచుకుంటే రెండు దారుల్లోనూ ఫలితం దాదాపు ఒకటే. అయితే కరెంటు పెట్టించుకున్న వాళ్లలో 13 శాతం మందికి తర్వాతైనా మూత్రాశయం తీయాల్సి వచ్చింది.

"తగిన" అన్న మాట దగ్గరే మాకు చిక్కు. గడ్డ ఒక్కటే ఉండాలి, కిడ్నీలు వాచకూడదు. ఇంకోటి మన ఊళ్ల లెక్క: కరెంటు అంటే నాలుగు నుంచి ఆరున్నర వారాలు, వారానికి ఐదు రోజులు. కటకం (కటక్) ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రికి పోవాలా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికా? మాకు విశాఖే దగ్గర. ఒడియా అందరికీ వచ్చు, కానీ ఉచ్చ సంగతి అడిగితే మావయ్య నోట తెలుగే వస్తుంది. అక్కడ ఉండటానికి చుట్టాలుంటే సరే, లేకపోతే గది అద్దె, కూలి పోవడం. ఆపైన మొదట్లో మూడు నెలలకోసారి స్కోప్ పరీక్ష.

నా మటుకు, గడ్డ ఒకటే, కిడ్నీలు బాగున్నాయి, వెంట తిరిగే మనిషి ఉన్నాడు అంటే ఉంచుకోవడమే మేలు. నాట్లని ఒకసారి, కోతలని ఒకసారి పరీక్ష ఎగ్గొట్టే మనిషైతే తీయించుకోవడమే నయం. తీయించుకున్నా స్కానింగులు తప్పవు గానీ, మూత్రాశయంలో గడ్డ మళ్లీ మొలిచే భయం ఉండదు.

ఒళ్లంతా పాకినవాళ్లకు కొత్త మందులొచ్చాయి. ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇస్తే, పాత కీమోతో 16 నెలలున్న మధ్యస్థ ఆయుష్షు (రోగుల్లో సగం మంది బతికి దాటిన కాలం) 31 నెలలు దాటిందని 2023లో తేలింది. ఖరీదు మాత్రం మన అందుబాటులో లేదు. ఆరోగ్య కార్డులో వస్తుందేమో ఆసుపత్రిలోనే ముందు అడగాలి.

మావయ్యకు గడ్డలు రెండు, ఒక కిడ్నీ వాచింది. తీయించాం. సంచి లుంగీ మడతలో కనపడదు. విశాఖ పాసింజరు ఎవరెక్కుతున్నా ఆపి, వచ్చేటప్పుడు రెండు సంచులు తెమ్మంటాడు.