పెరికెద్దు ఇంజన్: టెక్కల్లో ఆర్నెల్లు తిప్పాక పన్నియర్ ట్యాంక్ రివ్యూ

మోడల్ రైళ్లలో బ్రిటిష్ స్టీమ్ ఇంజన్ కొందామనుకునే మనవాళ్ల కోసం రాస్తున్నా. నేను కొన్నది ఓఓ గేజ్‌లో (బ్రిటన్ మోడల్ రైళ్ల సైజు అది) గ్రేట్ వెస్టర్న్ అనే పాత బ్రిటిష్ రైల్వేవాళ్ల 5700 క్లాస్ పన్నియర్ ట్యాంక్ ఇంజన్ బొమ్మ. లండన్లో ఉండే మా పెద్దమ్మగారబ్బాయి సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చాడు, 92 పౌండ్లు పడింది. అప్పట్నుంచి మేడ మీద గదిలో దాదాపు రోజూ తిప్పుతున్నా. మొదటి ఇంజనుగా ఇదే కొనండి అంటా, కానీ పట్టాలెక్కించే ముందు చక్రాలు కొలవండి, ఆ కథ తర్వాత చెప్తా.

మా తాత నౌపడ - గుణుపూర్ చిన్నబండిలో ఫైర్‌మన్‌గా చేశాడు. రెండడుగుల ఆరంగుళాల గేజు, 1900లో పర్లాకిమిడి రాజావారు పర్లాకిమిడి దాకా వేయించిన లైను, తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు, 2004లో ఆపేసి బ్రాడ్ గేజ్ చేశారు. నేను చిన్నప్పట్నుంచి ఆ బొగ్గు కబుర్లు వింటూ పెరిగా కాబట్టి కొంటే స్టీమే కొనాలని ఎప్పుడో అనుకున్నా. డబ్బా విప్పి చేతిలో పెడితే తాత కళ్లజోడు పైకి జరుపుకుని అటూ ఇటూ తిప్పి చూసి "పెరికెద్దులాగుందిరా గుంటడా, నీల్లెక్కడ పోస్తారు దీనికి?" అన్నాడు. ఆ మాట విని నాకు ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే పన్నియర్ అంటే అర్థం అదే, పశువు వీపు మీద రెండు పక్కలా వేలాడేసే సంచులు. బాయిలర్‌కి అటొకటి ఇటొకటి నీళ్ల తొట్లు వేలాడుతుంటాయి. గ్రేట్ వెస్టర్న్ వాళ్లు వాడే ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే పెట్టె) పైభాగం పలకగా ఉంటుంది, దాని మీద గుండ్రటి తొట్టి జీనులా కూర్చోదు, అందుకని పక్కలకి తగిలించారు, పైగా తొట్లు కింద దాకా దిగవు కాబట్టి లోపలున్న మెకానిజానికి నూనె పోయడం కూడా తేలిక. అసలు ఇంజన్లు 1929 నుంచి 1950 దాకా 863 కట్టారు, బ్రిటిష్ రైల్వేలో 1968లో స్టీమ్ అయిపోయాక కూడా లండన్ ట్రాన్స్‌పోర్ట్‌వాళ్లు కొన్నిటిని 1971 దాకా నడిపారు. వాటిలో పాతిక ఇంజన్లు మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ కంపెనీవాళ్లు కట్టినవి, మన బెంగాల్ నాగపూర్ రైల్వేకి పెద్ద గ్యారట్ ఇంజన్లు (ఒకే బాయిలర్‌కి ముందూ వెనకా రెండు చక్రాల సెట్లు ఉండేవి) కట్టి పంపింది కూడా వాళ్లే. ఇది తెలిశాక ఆ ఇంజన్ మీద ఇంకా ప్రేమ పెరిగింది నాకు.

ఇక బొమ్మ సంగతి. ఓఓ అంటే అసలుదానిలో 76వ వంతు, అడుగుకి 4 మిల్లీమీటర్ల లెక్క. అసలు ఇంజన్లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం పదిహేనున్నర అడుగులు, దీంట్లో స్కేలు పెట్టి కొలిస్తే సరిగ్గా 62 మిల్లీమీటర్లు వచ్చింది. పట్టాల మధ్య దూరం మాత్రం లెక్క ప్రకారం 18.83 ఉండాలి, ఓఓలో 16.5 ఉంటుంది. పూర్వం బ్రిటన్ ఇంజన్లు సైజులో చిన్నవి కాబట్టి అప్పటి మోటార్లు లోపల పట్టక బండిని కొంచెం పెద్దది చేసి పట్టాలు మాత్రం హెచ్ఓ (ఓఓ కన్నా కాస్త చిన్న మోడల్ సైజు) వాటివే ఉంచేశారు. ఎదురుగా కూర్చుని చూస్తే కాళ్లు దగ్గరపెట్టి నించున్నట్టు ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఏమీ తెలీదు. హ్యాండ్‌రెయిళ్లు విడిగా తీగతో చేసి గుచ్చారు, తొట్ల కింద నుంచి చూస్తే బాయిలర్‌కీ ఫ్రేముకీ మధ్య అవతలి వెలుతురు కనపడుతుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

నడక చాలా బాగుంది. మొదట అటు అరగంట ఇటు అరగంట ఖాళీగా తిప్పి మోటార్ని అలవాటు చేశా. ఇప్పుడు కంట్రోలర్ కాస్త తిప్పగానే నత్తలా కదులుతుంది, చక్రాల్ని కలిపే కప్లింగ్ రాడ్ పైకి లేచి కిందికి దిగడం ఒక్కో సగం చుట్టునీ లెక్కపెట్టుకోవచ్చు. చదునులో 14 వ్యాగన్లు లాగేసింది, ముప్పై అడుగులకి ఒక అడుగు లెక్కన ఎత్తు పెడితే మూడు పెట్టెలకే చక్రాలు జారాయి.

చక్రాల సంగతి ఏటంటే, మొదటి రోజే పాయింట్ల (ఒక లైను రెండుగా చీలే చోటు) మీదకి రాగానే ప్రతిసారీ మధ్య చక్రం ఎక్కేసి పడిపోయేది. పట్టాలు వంకరేమో అని నేను రెండు రోజులు ప్లైవుడ్ మీద పాయింట్లు పీకి మళ్లీ వేశా. తాతే చెప్పాడు, "పట్టా కాదురా, సెక్కుర్రైలుకి సెక్రం తగుల్తన్నాది సూడు" అని. సెక్కుర్రైలంటే చెక్ రైల్, పాయింట్ల దగ్గర పట్టాకి లోపలి పక్కన వేసే చిన్న పట్టా. తిరగేసి చూస్తే నిజమే. ఊళ్లో లేత్ షాపుకి తీసుకెళ్లి వెర్నియర్‌తో కొలిపిస్తే రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 14.0 వచ్చింది, ఓఓలో 14.4 దాకా ఉండాలి. అమ్మినవాళ్లకి రాస్తే మీ ఖర్చుతో ఇంగ్లండ్ పంపండి చూస్తాం అన్నారు, అంత డబ్బు పోసి కొన్నవాడికి ఇచ్చే జవాబు అది కాదు, చాలా బాధేసింది. చివరికి లేత్ షాపాయనే నిదానంగా చక్రాన్ని బయటికి లాగి సరిచేశాడు. ఇక్కడ ఒక జాగ్రత్త, లాగేటప్పుడు చక్రం ఇరుసు మీద కాస్త కూడా తిరగకూడదు, తిరిగితే ఎడమ రాడ్డుకీ కుడి రాడ్డుకీ ఉండాల్సిన పావు చుట్టు తేడా చెడిపోయి బండి బిగుసుకుపోతుంది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఒక్కసారి కూడా పడలేదు. ఈ చక్రాల గొడవ ఒక్కదానికే ఒక మార్కు కోసి 5కి 4 ఇస్తున్నా, లేకపోతే 5.

పాయింట్లు కొనేటప్పుడు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటుండే మధ్య ముక్క ప్లాస్టిక్‌ది కాకుండా కరెంటు వెళ్లేది తీసుకోండి, చిన్న ఇంజన్ కదా, నెమ్మదిగా పోతే ప్లాస్టిక్ దగ్గర కరెంటు అందక ఆగిపోతుంది. అడాప్టర్ అక్కడా ఇక్కడా 230 వోల్టులే, పిన్ను మాత్రం వాళ్లది పలకగా ఉంటుంది, కన్వర్టర్ పెడితే చాలు.

మన సముద్రం పక్కవాళ్లకి మరీ ముఖ్యమైంది ఇసుక. పట్టాల కింద కంకరకి బాగుంటుంది కదాని భావనపాడు బీచ్ ఇసుక ఒక కవర్ తెచ్చా. సన్నగా నల్లగా భలే ఉంది, పరిచేద్దామని కూర్చుని ఎందుకో అయస్కాంతం తిప్పి చూస్తే నల్ల రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకున్నాయి! ఆ ఇసుక పట్టాల పక్కన ఉంటే మోటార్లో అయస్కాంతం మొత్తం లోపలికి లాగేసుకుంటుంది, ఇంక మోటార్ పనైపోయినట్టే. కాబట్టి బీచ్ ఇసుక జోలికి పోకండి. క్రషర్ డస్ట్ తెచ్చి టీ జల్లెడతో జల్లించి, దాని మీద కూడా అయస్కాంతం తిప్పి, ఫెవికాల్‌లో సగం నీళ్లు ఒక చుక్క అంట్ల సబ్బు కలిపి డ్రాపర్‌తో పోశా, రాయిలా పట్టింది. ఈ వానల్లో పట్టాలు నల్లబడుతుంటే వారానికోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడుస్తున్నా. బల్లకి ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసే బోర్డు) వద్దు, మన ఉప్పుగాలి చెమ్మకి ఉబ్బిపోతుంది, 8 బై 4 ప్లైవుడ్ షీటు వేసుకోండి, 438 మిల్లీమీటర్ల వంపుతో ఓవల్ హాయిగా పడుతుంది.

సాయంత్రం కరెంటు ఉంటే తాత మెట్లెక్కి వచ్చి కుర్చీ వేసుకుంటాడు. నిన్న పది వ్యాగన్లు తగిలించి బయల్దేరదీస్తుంటే ఆపమన్నాడు. తన రోజుల్లో వెనకాల గార్డు వ్యాన్ లేకుండా గూడ్సు కదపనిచ్చేవాళ్లు కాదట. ఇవాళ పొద్దున్నే అన్నయ్యకి మెసేజ్ పెట్టా, దసరాకి వచ్చేటప్పుడు గ్రేట్ వెస్టర్న్ బ్రేక్ వ్యాన్ (గార్డు వ్యాన్‌ని అక్కడ అలా అంటారు) ఒకటి తెమ్మని.