గుమ్‌సాన్ సంతలో ముప్పావు కిలో జిన్సెంగ్

జిన్సెంగ్ అంటే కొరియావాళ్ళు ఒంటికి బలమని తినే ఒక వేరు. కొరియాలో పచ్చి జిన్సెంగ్‌ని ‘ఛే’ లెక్కన అమ్ముతారు. ఒక ఛే అంటే 750 గ్రాములు, మన ముప్పావు కిలో. ఈ ఒక్క ముక్క తెలియక, జిన్సెంగ్ సంత జరిగే గుమ్‌సాన్ అనే ఊరికి మొదటిసారి పోయినప్పుడు తూకం దగ్గర గొడవపడ్డాను. కిలో అనుకుని డబ్బులిస్తే ముప్పావు కిలో తూస్తుందేమిటి ఈవిడ అని. పాపం, ఆవిడ తప్పేం లేదు. నా వెనక నిలబడ్డ పెద్దాయన నవ్వుతూ వేళ్ళ మీద లెక్క చెప్పాక గానీ నాకు వెలగలేదు. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాను కాబట్టి కాస్త ధైర్యంగా రాస్తున్నా.

మేముండే డేజన్ నుంచి గుమ్‌సాన్‌కి బస్సులో సుమారు గంట. ఊరు దగ్గర పడేకొద్దీ కొండ వాలుల మీద నల్లటి పందిళ్ళు వరసలు వరసలుగా కనిపిస్తాయి. మొదట ఏదో నర్సరీ అనుకున్నా. అవన్నీ జిన్సెంగ్ మళ్ళే. ఆ మొక్కకు ఎండ పడదు, అడవిలో చెట్ల నీడన పెరిగే రకం. అందుకే గుంజలు పాతి, ఏటవాలుగా నల్ల గుడ్డ కప్పి, ఉత్తరం వైపు తెరిచి ఉంచుతారు. నాలుగేళ్ళు, ఐదేళ్ళు, ఆరేళ్ళు అట్లా నీడలోనే సాకాలి. తవ్వేశాక అదే నేలలో వెంటనే మళ్ళీ వేస్తే వేరు కుళ్ళిపోతుంది. దాదాపు పదేళ్ళు ఆ మడిని వేరే పంటలకు వదిలేస్తారట. ఇక్కడి ఈ సేద్యపు పద్ధతిని 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది.

మాది అనంతపురం జిల్లా. మా పక్క చేనివాళ్ళు పెన్నేరుగడ్డ వేసేవాళ్ళు, అదే అశ్వగంధ. ‘ఇండియన్ జిన్సెంగ్’ అని డబ్బాల మీద రాసి అమ్మేది దాన్నే. నిజానికి రెండింటికీ చుట్టరికమే లేదు. పెన్నేరుగడ్డ వంకాయ, టమాటా కుటుంబంలోది, ఐదారు నెలల్లో చేతికొస్తుంది. వీడియో కాల్‌లో ఆ నల్ల పందిళ్ళు చూపించి ఆరేళ్ళ సంగతి చెప్తే, మా నాయన మొదట అడిగింది వేరు గురించి కాదు. “ఆరేండ్లు కౌలు ఎవరు కడతారమ్మే?” అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

ఇక సంత. 2తో, 7తో ముగిసే తేదీల్లో జరుగుతుంది. కొరియాలో అమ్ముడయ్యే జిన్సెంగ్‌లో చాలా భాగం ఈ ఊరి మీదుగానే పోతుంది. పచ్చి వేళ్ళు అమ్మే పెద్ద షెడ్డులోకి అడుగుపెట్టగానే తడి మట్టి వాసన, వేరుశనగ పీకిన రోజు చేలో వచ్చేలాంటిది, ముక్కుకు కొడుతుంది. ప్లాస్టిక్ బుట్టల్లో వేళ్ళు కుప్పలుగా పోసి ఉంటాయి. అమ్మేవాళ్ళు ఎక్కువగా అరవై దాటిన ఆడవాళ్ళు. వాళ్ళని ‘ఇమో’ అని పిలవాలి, అంటే మన పిన్ని. ఆ పిలుపు వినగానే బేరం రొంత మెత్తబడుతుంది.

ఎంచుకోవడం నాకు నేర్పింది కూడా అట్లాంటి ఒక ఇమోనే. వేరుని అడ్డంగా పట్టుకుని, కాడ మొదలు దగ్గర ఉండే చిన్న తలకాయని బొటనవేలితో రుద్ది మట్టి దులిపింది. అక్కడ మెట్లు మెట్లుగా మచ్చలు. ఏటా చలికాలంలో కాడ ఎండి రాలిపోతుంది, రాలిన చోట ఒక మచ్చ మిగులుతుంది. మచ్చలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. నేను నాలుగు లెక్కపెట్టాను, ఆవిడ ఐదంది. ఐదోది నిజంగానే మట్టి కింద దాక్కుంది. తర్వాత ఒళ్ళు నొక్కి చూడాలి, పచ్చి క్యారెట్‌లా గట్టిగా ఉండాలి. మెత్తగా నొక్కుకుపోతే, ఎర్రటి తుప్పు మచ్చలుంటే పక్కన పెట్టేయడమే. రెండు కాళ్ళు చాపుకున్న మనిషిలా ఉండే వేరుకి గిరాకీ ఎక్కువ. దాని కొరియా పేరు ‘ఇన్‌సామ్’లో ‘ఇన్’ అంటే మనిషే. వంటకైతే ఆ అందం మీద డబ్బు తగలేయక్కర్లేదు.

ధర వేళ్ళ లెక్కని బట్టి ఉంటుంది. ఒక ఛేలో ఎన్ని తక్కువ వేళ్ళు తూగితే అంత ఖరీదు. పోయినసారి నేను తెచ్చినవి ఛేకి పదకొండు వేళ్ళు, 30,000 వాన్లు పడ్డాయి, మన రూపాయల్లో పద్దెనిమిది వందల పైన. పులుసుకి, పాలల్లోకి ఇంతకంటే చిన్నవి చాలు.

నచ్చనిది కూడా చెప్పాలి. మెయిన్ రోడ్డు మీద మెరిసిపోయే గిఫ్ట్ బాక్సుల షాపులు కొన్ని ఉన్నాయి. ఒకదాంట్లో ఇంగ్లిష్ మాట్లాడే కుర్రాడు షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పులు అన్నీ పోతాయని చెప్పి, ఎర్ర జిన్సెంగ్ పానీయం పెట్టె అంటగట్టాడు. ఎర్రది అంటే వేరే మొక్క కాదు. ఇదే వేరుని ఆవిరి మీద ఉడికించి ఆరబెడితే ఆ రంగు వస్తుంది, ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. ఇంటికొచ్చి ఫోన్‌తో లేబుల్ అనువాదం చేసి చూస్తే అందులో జిన్సెంగ్ సారం ఒక శాతం కూడా లేదు. మిగతాదంతా నీళ్ళు, రేగుపండు రసం, తీపి. రేగుపండు రసానికి నాలుగు వేల రూపాయలా! పెట్టె కొనే ముందు వెనక ఉన్న ఆ చిన్న అక్షరాలు అక్కడే, ఆ కుర్రాడి ముందే చదవండి.

ఇంకో మాట. మా నాయన రక్తం పలచబడే మాత్ర వేసుకుంటాడు. ఆయనకి పంపుదామని ఊళ్ళో డాక్టర్ని అడిగితే వద్దన్నారు. వార్ఫరిన్ లాంటి మందుల పనిని ఇది చెడగొట్టవచ్చట, షుగర్ మాత్రలు వాడేవాళ్ళూ జాగ్రత్తగా ఉండాలట. షాపు కుర్రాడు ఇదేదీ అడగలేదు. పచ్చివి ఇండియాకి తీసుకెళ్దామంటే ప్లాంట్ క్వారంటైన్ టెన్షన్ ఒకటి, అంటే బయటి దేశపు మొక్కలు, వేళ్ళ మీద జరిగే తనిఖీ. అందుకని మా ఇంటికి ఫొటోలే వెళ్ళాయి.

అసలు నన్ను అన్నిసార్లు గుమ్‌సాన్ లాక్కెళ్ళింది బజ్జీ. అవును, జిన్సెంగ్ బజ్జీ. పిల్లవేరుని కాళ్ళతో సహా జారుగా కలిపిన పిండిలో ముంచి మూకుడులో వేస్తారు. మన శనగపిండి కాదు, తెల్లటి పిండి. ఒకటి 2,000 వాన్లు. పక్కన చిన్న గిన్నెలో తేనెలాంటి పాకం. సన్నటి కాళ్ళు కరకరలాడతాయి, లావు చోట ఉడికిన చిలగడదుంపలా మెత్తగా ఉండి, ఆఖర్న నాలుక వెనక కాకరకాయ చేదు తగులుతుంది. పాకంలో ముంచితే ఆ చేదు బాగుంటుంది, మరో రెండు ఆర్డర్ ఇస్తారు. తోడుగా జిన్సెంగ్ కలిపిన బియ్యపు కల్లు, మక్కొల్లి, దొరుకుతుంది. తాగేవాళ్ళ ఇష్టం.

ఇంట్లో మాత్రం రెండే పనులు. ఒకటి సామ్‌గ్యేతాంగ్, కోడిపిల్ల కడుపులో బంక బియ్యం, వెల్లుల్లి, రేగుపండు, ఒక వేరు పెట్టి ఉడికించే పులుసు. కొరియావాళ్ళు దీన్ని మండు వేసవిలోనే తింటారు, మేము మాత్రం చలికి వణుకుతూ తింటాం. రెండోది, పాలు, తేనె వేసి మిక్సీ కొట్టడం. పెన్నేరుగడ్డ పొడి పాలల్లో కలిపిచ్చే మా అవ్వ చూసుంటే ఇందులో కొత్తేముంది అనేది. మిగిలినవి కడక్కుండా, మట్టితోనే తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు బాగానే ఉంటాయి.

వెళ్ళేవాళ్ళు తేదీ చూసుకుని పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నానికి మంచి బుట్టలు ఖాళీ అవుతాయి, బజ్జీల మూకుడు మాత్రం సాయంత్రం దాకా కాగుతూనే ఉంటుంది.