ఐదక్షరాల ఇంగ్లీషు పదాలు: మొదటి అక్షరాన్ని బట్టి నేర్చుకోవడం మేలా, చివరి అక్షరాన్ని బట్టా?

ఇంగ్లీషు పదసంపద పెంచుకోదలచినవారు ఒకే నిడివి గల పదాలను ఏదో ఒక ఉమ్మడి అక్షరం కింద గుదిగుచ్చి నేర్చుకోవడం పాత పద్ధతే. 2021లో జాష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఐదక్షరాల ఇంగ్లీషు పదాన్ని ఊహించి కనిపెట్టే వర్డిల్ అనే ఆన్‌లైన్ ఆటను అందరికీ అందుబాటులోకి తేవడం, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనడం జరిగాక, ఐదక్షరాల జాబితాల కోసం వెతికేవారు మరింత ఎక్కువయ్యారు. ఈ జాబితాలు ప్రధానంగా మూడు రకాలు: ఒకే అక్షరంతో మొదలయ్యేవి, ఒకే అక్షరంతో ముగిసేవి, ఆ అక్షరం పదంలో ఎక్కడున్నా సరే అన్నవి. నేర్చుకునేవారికి ఈ మూడింటిలో రెండోదే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

మొదటి అక్షరం వరుస చూడటానికి చక్కగా ఉంటుంది గానీ, ఆ పని నిఘంటువు ఎలాగూ చేసే పెట్టింది. ‘ఎస్’తో మొదలయ్యే స్టోన్, స్మైల్, షుగర్, సోర్డ్ అనే నాలుగు పదాలను పక్కపక్కన పెడితే వాటి అర్థాల మధ్య పొత్తు కనిపించదు. ఉచ్చారణలోనూ అంతే: షుగర్‌లో ‘ఎస్’ మన ‘ష’ అవుతుంది, సోర్డ్‌లో ‘ఎస్’ తర్వాత రాసే ‘డబ్ల్యు’ అసలు వినిపించనే వినిపించదు. ఒక పదం గుర్తొస్తే దాని వెంట రెండోది రావడానికి ఇక్కడ ఆధారమేమీ లేదు.

అయితే ఈ వరుసకు ఒక గట్టి మినహాయింపు ఉంది. నైఫ్, నాక్, నీల్, నోన్ అనే పదాలను తెలుగు లిపిలో రాసినప్పుడు మొదటి అక్షరమైన ‘కె’ జాడ కూడా మిగలదు. దాదాపు పలికినట్టే రాసుకునే మనకు ఇది పెద్ద చిక్కు. చెవితో విని రాసేవారు ‘ఎన్’తోనే మొదలుపెట్టి తప్పులో కాలేస్తారు. ఒకప్పుడు ఇంగ్లీషువారు ఆ ‘కె’ను స్పష్టంగా పలికేవారు; నాలుక దాన్ని వదిలేసినా రాత మాత్రం పట్టుకునే ఉంది. ఇలాంటి పదాలను మొదటి అక్షరం కిందే ఒకచోట రాసుకోవడం మంచిది.

ఇక చివరి అక్షరం సంగతి. ఇంగ్లీషులో పదం చివర ప్రత్యయం చేరి, ఆ పదం ఏ జాతిదో చాలాసార్లు అదే చెప్పేస్తుంది. ‘టి’, ‘హెచ్’ అక్షరాలతో ముగిసే ట్రూత్, డెప్త్, విడ్త్ అనే పదాలను చూడండి. ట్రూ నుంచి ట్రూత్, డీప్ నుంచి డెప్త్, వైడ్ నుంచి విడ్త్ వచ్చాయి. అంటే నిజమైన, లోతైన, వెడల్పైన అనే విశేషణాలు నిజం, లోతు, వెడల్పు అనే నామవాచకాలయ్యాయి. ఫిఫ్త్, సిక్స్త్, నైన్త్, టెన్త్ కూడా ఐదక్షరాలవే, అదే ముగింపు గలవే. అక్కడ అది తెలుగులో ‘ఐదో’, ‘ఆరో’ అన్నప్పుడు వచ్చే ‘ఓ’ చేసే పని చేస్తుంది. ఒక్క ముగింపును పట్టుకుంటే ఏడు పదాలు, రెండు సూత్రాలు కలిసి వచ్చాయి. ‘వై’తో ముగిసే రైనీ, విండీ, డర్టీ, సాల్టీ కూడా ఇలాగే నామవాచకాల నుంచి పుట్టిన విశేషణాలు. చివరి ‘ఇ’ తాను పలకకపోయినా ముందున్న అచ్చును మార్చేస్తుంది: ప్లాన్ ప్లేన్ అవుతుంది, స్పిన్ స్పైన్ అవుతుంది.

అక్షరం ఎక్కడున్నా ఫరవాలేదనే మూడో రకం జాబితా ఆటకు పనికొస్తుంది, చదువుకు అంతగా పనికిరాదు. ‘ఆర్’ ఉన్న రివర్, హార్ట్, చైర్, వరల్డ్ మధ్య జ్ఞాపకం పట్టుకోవడానికి ఏమీ లేదు. వర్డిల్‌లో కూడా అక్షరం పదంలో ఉండి చోటు తప్పితే పసుపు రంగు, సరైన చోట పడితే ఆకుపచ్చ రంగు వస్తాయి. చోటుకున్న విలువ అక్కడే తెలుస్తుంది. అరుదైన అక్షరాల విషయంలో మాత్రం ఈ జాబితా కూడా మంచిదే. అక్షరాల బిళ్ళలతో పదాలు కూర్చే ఇంగ్లీషు స్క్రాబుల్ ఆట పెట్టెలో ‘ఇ’ బిళ్ళలు 12 ఉండగా ‘క్యూ’, ‘జెడ్’ ఒక్కొక్కటే ఉంటాయి, ఒక్కోదానికి 10 పాయింట్లు. జీబ్రా, పిజ్జా, ప్రైజ్, డజన్, క్రేజీ వంటి పదాలను చోటుతో నిమిత్తం లేకుండా ఒకే పుటలో రాసుకోవచ్చు.

చివరి అక్షరం వరుసను నమ్ముకున్నవారు ఒకచోట జాగ్రత్తపడాలి. ‘ఓ, యు, జి, హెచ్’తో ముగిసే ఐదక్షరాల పదాల్లో రఫ్, టఫ్ ఒక రకంగా పలుకుతాయి, దగ్గు అనే అర్థమున్న కాఫ్ మరో రకం, పిండిముద్ద అనే అర్థమున్న డో ఇంకో రకం, చెట్టుకొమ్మ అనే అర్థమున్న బౌ వేరే రకం. నాలుగక్షరాల ముగింపు ఒక్కటే, పలుకులు నాలుగు. అందువల్ల ముగింపును బట్టి పుట వేసుకున్నాక, ఆ పుటలోనే పలుకును బట్టి నిలువు గీతలు గీసుకొని, ప్రతి పదాన్నీ పైకి చదివిన తర్వాతే దాని గడిలో రాసుకోవాలి.