అప్‌డేట్లు ఎన్ని వచ్చినా చెదరని సెట్టింగులు: యూజర్.జెఎస్ ఫైలుతో ఏడేళ్ల అనుభవం

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో నాకు కావలసిన మార్పులన్నింటినీ యూజర్.జెఎస్ అనే ఒక చిన్న ఫైలులో రాసి పెట్టుకోవడం మొదలుపెట్టి ఏడేళ్లు దాటింది. ఈ కాలంలో నేను రెండు కంప్యూటర్లు మార్చాను. బ్రౌజర్ కూడా 2020 నుంచి దాదాపు నాలుగు వారాలకొక కొత్త వెర్షన్ చొప్పున మారుతూనే వచ్చింది. అయినా ఆ ఫైలులో రాసిన సెట్టింగులు చాలావరకు నిలిచాయి. నిలవనివి ఎందుకు నిలవలేదో కూడా తెలుసుకోగలిగాను కాబట్టి ఈ సమీక్ష రాస్తున్నాను.

అంతకుముందు నేను వాడిన మరో బ్రౌజర్‌లో ఒక అప్‌డేట్ తరువాత హోమ్‌పేజీ, వెతికే సాధనం, అక్షరాల పరిమాణం, డౌన్‌లోడ్ ఫోల్డర్ అన్నీ మొదటికి వచ్చాయి. వాటిని తిరిగి పెట్టుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. పట్టిన సమయం కన్నా, అంతకుముందు నేను ఏమేమి మార్చుకున్నానో నాకే పూర్తిగా గుర్తు లేకపోవడం ఎక్కువ బాధ కలిగించింది. మెనూల్లో అక్కడక్కడా నొక్కుతూ చేసిన మార్పులకు రాతపూర్వకమైన ఆనవాలు ఉండదని ఆ రోజు అర్థమైంది.

ఫైర్‌ఫాక్స్‌లో ప్రోగ్రాం ఒకచోట, మన ప్రొఫైల్ ఫోల్డర్ మరొకచోట ఉంటాయి. అప్‌డేట్ మార్చేది ప్రోగ్రాం ఫైళ్లను. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, సెట్టింగులు ప్రొఫైల్‌లో ఉంటాయి. అడ్రస్ బార్‌లో అబౌట్:సపోర్ట్ అని టైప్ చేస్తే వచ్చే పేజీలో ఆ ఫోల్డర్‌ను తెరిచే బటన్ ఉంటుంది. అందులోని ప్రిఫ్స్.జెఎస్ ఫైలును బ్రౌజర్ తానే రాసుకుంటుంది కనుక, బ్రౌజర్ నడుస్తుండగా దాన్ని చేత్తో దిద్దితే ఆ దిద్దుబాటు నిలవదు. యూజర్.జెఎస్ మాత్రం మొదట అక్కడ ఉండదు. దాన్ని మనమే సృష్టించుకోవాలి. బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఆ ఫైలును చదివి, అందులోని విలువలను ప్రిఫ్స్.జెఎస్ విలువలకు పైన నిలుపుతుంది.

సెట్టింగులు ఎలాగూ ప్రొఫైల్‌లోనే ఉంటాయి కదా, ఇంకో ఫైలు ఎందుకు అని మొదట నేనూ అనుకున్నాను. ప్రిఫ్స్.జెఎస్‌లో నమోదయ్యేవి డిఫాల్ట్‌కు, అంటే బ్రౌజర్ ముందే పెట్టి ఇచ్చే విలువకు, భిన్నమైన విలువలు మాత్రమే. ఈ రోజు డిఫాల్ట్‌గా ఉన్న విలువే మనకు నచ్చినదైతే దాని ప్రస్తావన అందులో ఎక్కడా ఉండదు. రేపటి అప్‌డేట్‌లో ఆ డిఫాల్ట్ మారితే, మనకు తెలియకుండానే మన బ్రౌజర్ కూడా దానితోపాటు మారిపోతుంది. 2019 మార్చిలో వచ్చిన 66వ వెర్షన్, పేజీ తెరవగానే ధ్వనితో వీడియో మొదలవడాన్ని డిఫాల్ట్‌గా ఆపింది. అలా మొదలవడమే కావాలనుకున్నవారికి అంతవరకు మార్చవలసింది ఏమీ లేదు, కనుక వారి ఇష్టం ఎక్కడా నమోదై ఉండదు. అదే విలువను యూజర్.జెఎస్‌లో రాసి ఉంచుకుంటే, డిఫాల్ట్ మారిన రోజు నుంచి ఆ వరుస పనిలోకి వస్తుంది. ఈ ఫైలు అసలు విలువ ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

నాకు అన్నింటికన్నా ముఖ్యమైనవి తెలుగు అక్షరాల సెట్టింగులు. చిన్న పరిమాణంలో తెలుగు చదవడం కష్టం. ఒత్తులు కింది వరుసకు తగులుతున్నట్టు కనిపిస్తాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. ఫైర్‌ఫాక్స్ ప్రతి లిపికీ వేరుగా ఫాంటును, కనీస పరిమాణాన్ని ఎంచుకోనిస్తుంది. నా ఫైలులో ఫాంట్.మినిమమ్-సైజ్.ఎక్స్-తెలు అనే పేరుకు ఎదురుగా 17 అని ఉంటుంది, దాని పై వరుసలో రెండు ఏటవాలు గీతల తరువాత “16లో క్ష, క్ష్మ కలిసిపోతున్నాయి” అని రాసి ఉంటుంది. ఆ వ్యాఖ్య వల్ల, ఏళ్ల తరువాత కొత్త కంప్యూటర్‌లో పరిమాణం సరిచూసుకుంటున్నప్పుడు ఆ 17 ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోవలసిన అవసరం రాలేదు. అయితే పేజీని తయారుచేసినవారు అది తెలుగు పేజీ అని భాషా సూచిక ఇవ్వకపోతే ఈ కనీస పరిమాణం వర్తించకపోవచ్చు.

లోపాలు కూడా ఉన్నాయి. ఒక వరుసను తీసేసినంత మాత్రాన ఆ సెట్టింగు వెనక్కి పోదు, ఎందుకంటే అప్పటికే ఆ విలువ ప్రిఫ్స్.జెఎస్‌లోకి చేరి ఉంటుంది. ఇది తెలియక రెండు రోజులు తికమకపడ్డాను. అడ్రస్ బార్‌లో అబౌట్:కాన్ఫిగ్ అని టైప్ చేస్తే సెట్టింగులన్నీ పేర్లతో కనిపించే పేజీ వస్తుంది; అందులో ఆ పేరును వెతికి, పక్కనున్న వెనక్కి తిప్పే బాణాన్ని నొక్కాలి. అలాగే ఫైలులో ఉన్న సెట్టింగును మెనూలో మార్చితే ఆ మార్పు బ్రౌజర్ మూసేవరకే ఉంటుంది. ఒకే కంప్యూటర్‌ను, ఒకే ప్రొఫైల్‌ను ఇద్దరు ముగ్గురు వాడుకునేచోట ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను.

ఇంతకన్నా జాగ్రత్తగా చూసుకోవలసింది రద్దయిపోయిన సెట్టింగుల పేర్ల విషయం. 2021 జూన్‌లో 89వ వెర్షన్‌తో ప్రోటాన్ అనే కొత్త రూపం వచ్చినప్పుడు, పాత రూపానికి తిరిగి వెళ్లడానికి ఒక సెట్టింగు ఉండేది; ఆగస్టులో 91వ వెర్షన్‌తో అది పనిచేయడం మానేసింది. యూజర్.జెఎస్‌లో ఆ వరుస ఉన్నా ఎలాంటి హెచ్చరికా రాదు. అందువల్ల మూడు నెలలకొకసారి అబౌట్:కాన్ఫిగ్‌లో మార్చిన సెట్టింగులను మాత్రమే చూపించమని టిక్ పెట్టి వరుసగా చూస్తాను. బాణానికి బదులు చెత్తబుట్ట బొమ్మ ఉన్నదంటే ఆ పేరుకు బ్రౌజర్‌లో డిఫాల్ట్ విలువ లేదని అర్థం, అది చాలావరకు కాలం చెల్లిన పేరే అయి ఉంటుంది.

ట్యాబుల రూపాన్ని, మెనూల అమరికను మార్చే యూజర్‌క్రోమ్.సిఎస్ఎస్ ఫైలు గురించి ఇంత భరోసాగా చెప్పలేను. 2019 సెప్టెంబర్ నాటి 69వ వెర్షన్ నుంచి దాన్ని చదవడమే డిఫాల్ట్‌గా ఆగిపోయింది. చదివించుకోవాలంటే వేరే సెట్టింగును ఆన్ చేయాలి. బ్రౌజర్ లోపలి నిర్మాణం మారితే మన నియమాలు పనిచేయవు. నేను ఇప్పుడు అందులో ఆరు వరుసలకు మించి ఉంచుకోవడం లేదు.

అప్‌డేట్ కాకపోయినా అప్‌డేట్ అంత పని చేసేది అబౌట్:సపోర్ట్ పేజీలో ఉండే రిఫ్రెష్ బటన్ (పేజీని మళ్లీ లోడ్ చేసే బటన్ కాదు). అది కొత్త ప్రొఫైల్‌ను తయారుచేసి బుక్‌మార్కులను, పాస్‌వర్డులను తెస్తుంది, మనం మార్చుకున్న సెట్టింగులను, ఎక్స్‌టెన్షన్లను మాత్రం తేదు. పాత ప్రొఫైల్‌ను డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. నేను ఒకసారి ఆ బటన్ నొక్కవలసి వచ్చినప్పుడు, ఆ ఫోల్డర్‌లోంచి యూజర్.జెఎస్‌ను కొత్త ప్రొఫైల్‌లోకి కాపీ చేసి బ్రౌజర్ తెరిచాను. మొదటి తెలుగు పేజీలోనే అక్షరాలు నాకు అలవాటైన పరిమాణంలో కనిపించాయి.