టైనీఎస్‌ఏ: నాకు నచ్చిన ఆ ఒక్క అటెన్యుయేటర్

టైనీఎస్‌ఏ అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో తెరమీద గీతలుగా చూపించే బుల్లి స్పెక్ట్రమ్ ఎనలైజర్. అందులో చిన్న మోడల్ చాలా కాలంగా వాడుతున్నా, స్పెసిఫికేషన్లు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, లో ఇన్‌పుట్‌లో (తక్కువ ఫ్రీక్వెన్సీల పోర్టు) 0 నుంచి 31 డీబీ దాకా 1 డీబీ చొప్పున మార్చుకునే అటెన్యుయేటర్, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌ని తగ్గించేది (ప్రతి 10 డీబీకి పవర్ పదో వంతవుతుంది). అబ్బ, దీని విలువ వాడితేగానీ తెలీదు.

మా హామ్ (అమెచ్యూర్ రేడియో) కుర్రాడొకడు చవకలో 5 వాట్ల హ్యాండీ, అదే వాకీటాకీ, తెచ్చాడు (కంపెనీ పేరు వద్దులెండి). మధ్యలో 40 డీబీ అటెన్యుయేటర్ పెట్టి 145 మెగాహెర్ట్జ్‌లో పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కితే దానికి రెట్టింపు 290 దగ్గర, అంటే రెండో హార్మోనిక్ దగ్గర, పెద్ద గీత లేచింది, మెయిన్ సిగ్నల్‌కి 30 డీబీ కూడా కింద లేదు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) లెక్కలో 5 వాట్లకి ఈ తేడా కనీసం 50 ఉండాలి. "అన్నా, తేడా నీ డబ్బాలో ఉందేమో" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే అది, ఎందుకంటే 5 వాట్లంటే 37 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ), అందులో 40 పోయినా ఇంకా మైనస్ 3 లోపలికొస్తోంది, మిక్సర్ (లోపల ఫ్రీక్వెన్సీని మార్చే భాగం) దాకా మైనస్ 25 కన్నా ఎక్కువ వెళ్తే అదే సొంతంగా హార్మోనిక్స్ పుట్టిస్తుంది. సరే అని లోపలి అటెన్యుయేషన్ 20 నుంచి 30కి పెంచాం. ఆ పదిని డిస్‌ప్లే తనే కలుపుకుని చూపిస్తుంది కాబట్టి నిజం సిగ్నలైతే కదలదు, లోపల పుట్టిందైతే పడిపోవాలి. గీత ఇసుమంత కూడా కదల్లేదు! రేడియోదే. దానికి లోపాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీల్ని ఆపేది) తగిలించగానే నాయిస్‌లో కలిసిపోయింది, వాడి మొహం వెలిగిపోయింది.

అయితే ఈ సుఖం 350 మెగాహెర్ట్జ్ దాకానే. మూడో హార్మోనిక్ 435, సరిగ్గా మన దేశంలో హామ్‌లకిచ్చిన 434-438 బ్యాండ్‌లో పడుతుంది, దానికి కేబుల్ పీకి హై పోర్టుకి మార్చాలి, అక్కడ ఈ స్టెప్పులూ లేవు, ముందు మంచి ఫిల్టరూ లేదు. 145 బలంగా వచ్చి పడుతుంటే అక్కడ కనిపించేదాన్ని నేను నమ్మను, హైపాస్ ఫిల్టర్‌తో 145ని ఆపాకే కొలుస్తా.

నేను ఎక్కువగా 2 మీటర్ల బ్యాండ్‌లోనే (ఈ 145 ఉండేది) ఉంటా కాబట్టి నాకు సరిపోయింది. 435 దగ్గర యూహెచ్ఎఫ్ వాడేవాళ్ళకి రెండో హార్మోనిక్కే 870, మూడోది దీని 960 హద్దు దాటేస్తుంది, వాళ్ళు దీని పెద్ద మోడల్ అల్ట్రా చూసుకుంటే మేలేమో. ఏది కొన్నా వాట్లు తట్టుకునే అటెన్యుయేటర్‌కి డబ్బులు పక్కన పెట్టుకోండి, దీని ఇన్‌పుట్ ప్లస్ 10 డీబీఎం వరకే, హ్యాండీని నేరుగా తగిలిస్తే పోతుంది.